ఇల్లు మారాక ఒరిగిన పుస్తకాల ర్యాక్: కొలతల నుంచి మరమ్మతు దాకా

గుంటూరులో అద్దె ఫ్లాట్ ఖాళీ చేసి తెనాలిలోని పాత సొంత ఇంటికి మారిన ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి పుస్తకాల ర్యాక్ ఈ కేసుకు విషయం. ఫ్లాట్‌లో ఏళ్ల తరబడి గోడకు ఏ బిగింపూ లేకుండా నిటారుగా నిలబడిన ర్యాక్, కొత్తచోట పుస్తకాలు సర్దిన కొద్ది రోజులకే కుడివైపుకు ఒరగడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్లు కుడివైపు ముందు మూల కింద అట్టముక్క మడిచి పెట్టారు. కొన్నాళ్లు బాగున్నట్టే కనిపించి మళ్లీ ఒరిగింది. ఇంకో అట్ట చేర్చారు. నేను చూసేనాటికి ఆ అట్టలు ఇల్లు తుడిచిన నీళ్లకు నాని, బరువుకు నలిగి, మందమన్నది మిగలకుండా నేలకు అంటుకుపోయి ఉన్నాయి.

"మేకులు వదులయ్యాయేమో, నాలుగు స్క్రూలు బిగిస్తే సరిపోదా?" అని లెక్చరర్ గారు అడిగారు. ఇలాంటి పనికి పిలిచేవారిలో చాలామంది అడిగేది ఇదే. "కొలిచాక చెప్తాను మాస్టారూ" అన్నాను. ఒరిగిన ర్యాక్‌లో రెండు వేరువేరు లోపాలు ఉండవచ్చు. ర్యాక్ చట్రమే మూలమట్టం తప్పి, అంటే మూలలు లంబకోణంలో లేకుండా ఉండవచ్చు, లేదా చట్రం బాగానే ఉండి నేల మట్టం తప్పి ఉండవచ్చు. రెండూ కలిసి ఉండే సందర్భాలే ఎక్కువ. చట్రం తప్పినచోట కాళ్ల కింద ముక్కలు పెట్టినా, నేల తప్పినచోట స్క్రూలు బిగించినా పని చేసినట్టు కనిపిస్తుంది తప్ప లోపం అలాగే ఉంటుంది. అందువల్ల ఒరుగుడులో చట్రం వాటా ఎంత, నేల వాటా ఎంత అన్నది ముందు తేల్చుకోవాలి.

ర్యాక్ ఎత్తు 1800 మిల్లీమీటర్లు, వెడల్పు 900, లోతు 300. పలకలన్నీ 18 మిల్లీమీటర్ల ప్రీ ల్యామినేటెడ్ పార్టికల్ బోర్డువి, అంటే చెక్కపొడిని జిగురుతో నొక్కి పైన నున్నని పొర అతికించినవి. పై పలక, కింది పలక, నడిమి అర మినీఫిక్స్ అనే, తిప్పితే బిగిసే గుండ్రని తాళాల బిగింపులతోనూ చెక్క డోవెల్ పుల్లలతోనూ నిలువు పలకలకు కలిసి ఉన్నాయి. మిగతా అరలు చిన్న పిన్నుల మీద కూర్చున్నవే కాబట్టి చట్రానికి బలమిచ్చేవి కావు. వెనక 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు షీటు సన్న మేకులతో కొట్టి ఉంది. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఐకియా దుకాణం తెరిచాక విడి పలకలు కొని ఇంట్లో బిగించుకునే ఫర్నిచర్ మన ఇళ్లలో బాగా పరిచయమైంది గానీ, మాడ్యులర్ కిచెన్లు చేసేవారికి ఈ మినీఫిక్స్ అంతకు ముందు నుంచే తెలుసు. ఎక్కడ తయారైనదైనా ఈ రకం ర్యాక్‌లన్నింటిలో నిటారుతనం ఆధారపడేది ఒకే భాగం మీద. అది బయటికి కనిపించే పలక కాదు, అందరూ దుమ్ము ఆపడానికే అనుకునే వెనక షీటు.

మినీఫిక్స్ చేసే పని రెండు పలకలను దగ్గరకు లాగి పట్టడం. పలకల మధ్య కోణం మారకుండా ఆపే శక్తి దానికి చాలా తక్కువ. అగ్గిపెట్టెలోంచి లోపలి అర తీసేసి డొల్లను వేళ్లతో నొక్కితే ఎలా పక్కకు వాలిపోతుందో, వెనక షీటు పట్టు తప్పిన ర్యాక్ కూడా అలాగే వాలుతుంది. ఒకసారి వాలడం మొదలైతే పుస్తకాల బరువు కూడా అటువైపే తోస్తుంది. ఈ ర్యాక్‌లో ఐదు వరుసల పుస్తకాలున్నాయి. మీటరు పొడవు అరకు 30 కిలోల లెక్కన చూసినా మొత్తం 125 కిలోలకు తగ్గదు. అట్ట పెట్టిన ప్రతిసారీ ఒరుగుడు కాస్త ఎక్కువై తిరిగి రావడానికి ఇదే కారణం.

కొలతలు

పుస్తకాలు దించకముందే మొదటి కొలత తీసుకున్నాను. ర్యాక్ పైన ఒక చెక్కపట్టీని కుడివైపుకు కొద్దిగా బయటికి వచ్చేలా ఉంచి, దాని కొసనుంచి మేస్త్రీలు వాడే గుండును దారంతో వేలాడదీశాను. ఫ్యాన్ తిరుగుతుంటే గుండు నిలవదు. ఫ్యాన్ ఆపినా పాత ఇంటి కిటికీల గాలికి కదులుతూనే ఉంటుంది కనుక గుండు మునిగేలా కింద నీళ్ల మగ్గు పెడితే త్వరగా కుదురుకుంటుంది. దారానికీ నిలువు పలకకూ మధ్య ఖాళీ పైన 30 మిల్లీమీటర్లు, కింద 64. అంటే ర్యాక్ తల 34 మిల్లీమీటర్లు కుడికి జరిగింది. పుస్తకాలన్నీ దించి, నలిగిన అట్టలు తీసేసి మళ్లీ కొలిస్తే 28 వచ్చింది. బరువు తీయగానే 6 మిల్లీమీటర్లు వెనక్కి వచ్చిందంటే బిగింపుల్లో ఆట, అంటే వదులు కదలిక, ఉందని, అది చట్రంలోని లోపమేనని అర్థం. గట్టిగా ఉన్న చట్రం వాలు నేల మీద నిలబడితే బరువు ఉన్నా లేకున్నా ఒకే కొలత చూపిస్తుంది.

తర్వాత మూల నుంచి మూలకు టేపు పెట్టాను. ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు 2021 మిల్లీమీటర్లు, కుడి కింది మూల నుంచి ఎడమ పై మూలకు 2003. మూలలు నాలుగూ లంబంగా ఉంటే ఈ రెండూ సమానంగా, సుమారు 2012 ఉండాలి. 18 మిల్లీమీటర్ల తేడా ఉందంటే, ఈ వెడల్పు, ఈ ఎత్తు ఉన్న చట్రంలో పై పలక కింది పలక కంటే దాదాపు 20 మిల్లీమీటర్లు పక్కకు జరిగినట్టు లెక్క. గుండు చూపించిన 28లో 20 చట్రానిదైతే మిగిలిన 8 నేలది కావాలి. ఎత్తు వెడల్పుకు రెండింతలు కాబట్టి, తల 8 జరగాలంటే నేల 900 వెడల్పులో 4 మిల్లీమీటర్లు కుడికి దిగి ఉండాలి. నేల మీద తిన్నని పట్టీ పరిచి, రసమట్టం పెట్టి, దిగిన వైపు కింద ముక్కలు చేర్చి చూస్తే సరిగ్గా 4 మిల్లీమీటర్లే వచ్చింది. రెండు వేర్వేరు దారుల్లో చేసిన లెక్క ఒకేచోట కలిస్తే తప్ప నేను స్క్రూడ్రైవర్ తీయను.

అదే పట్టీని లోతు దిశలో పెడితే 300 మిల్లీమీటర్లలో నేల 2 మిల్లీమీటర్లు ముందుకు దిగి ఉంది. వినడానికి ఇది చిన్న అంకే అయినా, లోతు తక్కువ కావడం వల్ల పైకి వెళ్లేసరికి ఆరింతలై తల 12 మిల్లీమీటర్లు గదిలోకి వంగి ఉంది. ఇంట్లోవాళ్ల కళ్లన్నీ పక్క ఒరుగుడు మీదే ఉండటంతో ముందుకు వంగిన సంగతి ఎవరూ గమనించలేదు. ముందు గదిని నీళ్లు పోసి కడిగే రోజుల్లో నీరు గుమ్మం వైపు పోవాలని పెట్టిన వాటం అది. బేతంచర్ల బండలు పరిచిన ఆ నేల తయారైనప్పుడే అలా తయారైంది, దాన్ని లోపమనడానికి లేదు. కొత్త ఫ్లాట్లలో టైల్స్ దాదాపు మట్టంగా ఉంటాయి గనుక గుంటూరులో ఈ సమస్య రాలేదు.

వెనక షీటు చెప్పిన కథ

ర్యాక్‌ను గోడ నుంచి జరిపి వెనకవైపు చూస్తే, ప్రయాణంలో ఏం జరిగిందో చాలావరకు తెలిసింది. మేకులు ఊడిపోలేదు, పార్టికల్ బోర్డులో దిగినచోటే ఉన్నాయి. వాటి చుట్టూ హార్డ్‌బోర్డులోని రంధ్రాలు మాత్రం సాగిపోయాయి. నిలువు పలకల వెంట ఉన్నవి పైకీ కిందికీ, పై, కింది పలకల వెంట ఉన్నవి అడ్డంగా, ఒక్కోటి 3 మిల్లీమీటర్లకు పైగా సాగి బియ్యపు గింజ ఆకారంలోకి వచ్చాయి. చట్రం పక్కకు వాలినప్పుడు షీటు తన ఆకారం వదలకుండా తిరగబోతుంది. ఆ లాగుడంతా మేకుల దగ్గర పడుతుంది. మేకు దగ్గర 3 మిల్లీమీటర్ల జారుడు, ఈ కొలతల ర్యాక్‌లో తలదగ్గర 20 మిల్లీమీటర్ల ఒరుగుడుగా తేలుతుంది.

ఎడమ కింది మూలలో షీటు అంచు దాకా చిరిగి ఉంది. అదే మూలలో మినీఫిక్స్ గుండ్రని తాళం కూర్చునే 15 మిల్లీమీటర్ల గుంత అంచు పొడిపొడిగా రాలిపోయింది. ఎడమ నిలువు పలక అడుగున ల్యామినేషన్ గీసుకుపోయి ఉంది. సామాను ఎక్కించినవాళ్లు పుస్తకాలు దించారు గానీ, ర్యాక్‌ను ఎత్తకుండా ఒక చివర పట్టుకుని లారీ బల్ల మీద లాగారని ఆ గీతలు చెబుతున్నాయి. లెక్చరర్ గారి జ్ఞాపకమూ అదే. ఎత్తైన ర్యాక్‌ను పైన పట్టుకుని లాగినప్పుడు అడుగు నేలకు పట్టేసి తల ముందుకు పోతుంది. ఆ ఒక్క లాగుడు చాలు.

పాత షీటునే చోటు మార్చి మళ్లీ మేకులు కొట్టవచ్చా అన్నది లెక్చరర్ గారి తర్వాతి ప్రశ్న. పాత రంధ్రాలను వదిలేసి వాటి మధ్యన కొత్త మేకులు కొడితే కొంతకాలం ఆగుతుంది. చిరిగిన మూల లేకపోతే, ఇల్లు మళ్లీ మారే ఆలోచన లేకపోతే నేనూ ఆ దారినే పోయేవాడిని. మూల చిరిగింది కాబట్టి 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయడమే మంచిదని చెప్పాను. 8 అడుగులు, 4 అడుగుల షీటులో ర్యాక్ వెనక భాగానికి సరిపోను ప్లైవుడ్ వచ్చి, గోడ దగ్గర ఆనింపుకు ముక్కలు కూడా మిగులుతాయి. మేకులకు బదులు స్క్రూలు వాడితే తర్వాత విప్పి బిగించుకోవడానికీ వీలుంటుంది. ఆ కారణంగానే షీటు అంచుకు జిగురు పూయలేదు.

మరమ్మతు

ముందు మూల బిగింపు పని చూసుకోవాలి. రాలిపోయిన గుంతలోంచి వదులు పొడి అంతా గీకి, రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీ నింపి రాత్రంతా ఆరనిచ్చాను. మర్నాడు అదే వ్యాసంతో కొత్త గుంత తీసి తాళం కూర్చోబెట్టాను. వదులైన డోవెల్ పుల్లలు తీసేసి, కొత్తవాటికి తెల్ల జిగురు రాసి కొట్టాను. ఈ జిగురు పార్టికల్ బోర్డు లోపలి చెక్కపొడికి పట్టినట్టు నున్నని ల్యామినేషన్‌కు పట్టదు. అందుకే పలకల ముఖాల మీద పూసి లాభం లేదు, రంధ్రాల లోపల మాత్రమే రాయాలి. ఆ మూలకు తోడుగా లోపలివైపు కంటికి కనిపించనిచోట చిన్న ఎల్ క్లాంప్ వేశాను. పలక 18 మిల్లీమీటర్లదే కాబట్టి స్క్రూ 15 మించకూడదు, మించితే బయటివైపు ల్యామినేషన్ ఉబ్బి పగులుతుంది.

మిగతా మినీఫిక్స్‌లన్నీ బిగించాను గానీ చివరి పావు తిప్పు మిగిల్చాను. చట్రాన్ని మూలమట్టానికి తెచ్చేటప్పుడు పలకలు కొంచెం కదలాలి. ముందే పూర్తిగా బిగిస్తే వంకరలోనే బిగుసుకుంటాయి.

ర్యాక్‌ను బొంత మీద బోర్లా పడుకోబెట్టి, పొడవు ఎక్కువున్న జంట మూలలకు, అంటే ఎడమ కింది మూలకూ కుడి పై మూలకూ నైలాన్ తాడు చుట్టాను. మూలల దగ్గర ల్యామినేషన్ చితకకుండా పాత గుడ్డ మడిచి పెట్టాలి. తాడు రెండు పేటల మధ్య కర్రముక్క దూర్చి మెలి తిప్పుతుంటే పొడవైన కొలత తగ్గుతూ, పొట్టి కొలత పెరుగుతూ వస్తాయి. మెలి బిగిస్తున్నకొద్దీ ఇద్దరం చెరో టేపు పట్టుకుని చదివాం. తేడా 1 మిల్లీమీటరుకు దిగాక కర్ర కదలకుండా కట్టేసి, అప్పుడే మినీఫిక్స్‌ల చివరి పావు తిప్పు పూర్తి చేశాను. తాడు విప్పితే చట్రం తిరిగి వెనక్కి పోవడానికి చూస్తుంది, కాబట్టి వెనక షీటు బిగిసేదాకా తాడు జోలికి పోకూడదు.

ప్లైవుడ్ కోయించేటప్పుడు మిల్లులో రెండు అంచులు పక్కా మూలమట్టానికి వచ్చేలా చూసుకున్నాను. బిగింపు ఎడమ పై మూలలో మొదలుపెట్టి, ముందు ఎడమ నిలువు పలక వెంట, తర్వాత పై పలక వెంట, ఆ తర్వాతే మిగిలిన రెండు వైపులా సాగింది. స్క్రూకూ స్క్రూకూ 150 మిల్లీమీటర్ల దూరం. నడిమి అర వెనక అంచులోకి కూడా ఒక వరుస వేశాను. చాలామంది దాన్ని వదిలేస్తారు గానీ, పెద్ద షీటు నడుమ ఉబ్బకుండా ఆపేది ఆ వరుసే. పార్టికల్ బోర్డు అంచులోకి స్క్రూ నేరుగా దించితే బోర్డు పొరలుగా విడిపోతుంది, ముందుగా సన్న డ్రిల్లుతో దారి చేసి తీరాలి. అన్ని స్క్రూలూ దిగాక తాడు విప్పి కొలిస్తే తేడా 1 మిల్లీమీటరు దగ్గరే నిలిచింది.

ఇనుప యాంగిల్ ర్యాక్‌ల గురించి ఇక్కడొక మాట. మందుల షాపుల్లో, ఆఫీసు రికార్డు గదుల్లో ఉండే ఆ ర్యాక్‌లకు వెనక షీటు ఉండదు. మూలల్లో బిగించే ముక్కోణపు ప్లేట్లు, వెనక ఏటవాలుగా వేసే పట్టీలు ఆ పని చేస్తాయి. చోటు మార్చి బిగించినప్పుడు ఈ ప్లేట్లే ఎక్కువగా పోతుంటాయి, లేదా నాలుగు మూలల్లో రెండింటికే వేసి వదిలేస్తారు. అలాంటి ర్యాక్ ఒరిగితే నట్లు ఎంత బిగించినా ఫలితం ఉండదు.

నిలబెట్టడం, గోడకు బిగించడం

చట్రం సరిగా వచ్చింది కనుక ఇప్పుడు ర్యాక్ ఒరుగుడు చూపిస్తే అది నేలదే. ర్యాక్‌ను చోటులో నిలబెడితే తల 8 మిల్లీమీటర్లు కుడికి, 12 ముందుకు చూపించింది. కింద పెట్టడానికి 1 మిల్లీమీటరు సన్‌మైకా ముక్కలు వాడాను. అట్టలా నలగవు, నీటికి నానవు, ఒక్కో మిల్లీమీటరు చొప్పున పేర్చుకోవచ్చు. బరువు నిలువు పలకల మీదుగా దిగుతుంది కాబట్టి ముక్కలు ఆ పలకల కిందే ఉండాలి. ముందు కనిపించే స్కర్టింగ్ పట్టీ కింద దూర్చడం వల్ల ఉపయోగం లేదు. లెక్క ప్రకారం ఎడమ వెనక మూలకు ఏమీ అక్కర్లేదు, ఎడమ ముందుకు 2, కుడి వెనకకు 4, కుడి ముందుకు 6 మిల్లీమీటర్లు కావాలి. ముందు మూలలు రెండింటికీ ఇంకో మిల్లీమీటరు చేర్చాను. దానివల్ల తల 6 మిల్లీమీటర్లు గోడవైపు ఒదుగుతుంది. పుస్తకాల ర్యాక్‌ను పక్కా నిటారుగా కంటే ఆ మాత్రం వెనక్కి వాల్చి ఉంచడమే నా పద్ధతి. ఒక్కో నిలువు పలక నడిమి భాగం కింద కూడా సరిపడా మందంలో ముక్కలు పెట్టాను, లేకపోతే పలక బరువంతా రెండు కొసల మీదే మోయాల్సి వస్తుంది.

పార్టికల్ బోర్డు అడుగు అంచులు పచ్చిగా వదిలేసి ఉండటంతో, అట్టలు నానినచోట కుడి పలక కొద్దిగా ఉబ్బింది. ఉబ్బిన బోర్డు ఆరినా మునుపటి మందానికి రాదు. ఉబ్బు గీకి, అంచుకు రెండు పూతలు లక్క వేసి వదిలాను.

గోడకు బిగించడం చివరి పని, అది చివరే ఉండాలి. ఒరిగిన ర్యాక్‌ను క్లాంపుతో గోడకు లాగి పట్టించి పని అయిందనిపించుకునేవారు ఉన్నారు. చట్రంలోని లాగుడంతా అప్పుడు గోడలోని ఆ రెండు స్క్రూల మీద పడుతుంది. ఈ ర్యాక్ ఇప్పుడు గోడ లేకుండానే నిలుస్తుంది. క్లాంపు వేసింది ర్యాక్ కోసం కాదు, సెలవులకు వచ్చే మనవల కోసం. 300 లోతున్న ర్యాక్ తనంతట తాను ముందుకు పడదు గానీ, అరలను మెట్లుగా చేసుకుని పిల్లవాడు ఎక్కితే సంగతి వేరు. నేల దగ్గర గోడకున్న స్కర్టింగ్ 12 మిల్లీమీటర్లు బయటికి ఉండటంతో ర్యాక్ అడుగు గోడకు అంతే దూరంలో నిలిచింది. వెనక్కి వాల్చింది పోను పైన 6 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలింది. మిగిలిన ప్లైవుడ్ ముక్కలు ఆ ఖాళీలో సరిగ్గా కూర్చున్నాయి. పాత గోడల్లో ప్లాస్టరింగ్ మందం ఎక్కువ, పైగా గుల్ల. డ్రిల్లు బిట్టు ఇటుకలోకి దిగి ఎర్రపొడి వచ్చేదాకా పోనిచ్చి, 8 మిల్లీమీటర్ల ప్లగ్గులు దించి, ప్లైవుడ్ ముక్కల మీదుగా రెండుచోట్ల క్లాంపులు బిగించాను.

ఫలితం, మిగిలిపోయినవి

బరువైన నిఘంటువులు, సంపుటాలు కింది రెండు అరల్లో పెట్టించి, మిగతావి పైకి సర్దించాను. నిండా పుస్తకాలున్నప్పుడు పక్క ఒరుగుడు 2 మిల్లీమీటర్లు వచ్చింది. కొన్ని వారాల తర్వాత వేరే పని మీద వెళ్లినప్పుడు క్లాంపుల స్క్రూలు వదులు చేసి కొలిస్తే అదే 2 ఉంది. మొదట్లో ఖాళీ ర్యాక్‌కూ నిండు ర్యాక్‌కూ మధ్య ఉన్న 6 మిల్లీమీటర్ల ఆట పోయిందనడానికి అదే ఆధారం.

కుడి పై మూలలో నిలువు పలకకూ పై పలకకూ మధ్య సన్నని గీతలా ఒక ఖాళీ మిగిలింది. బలానికి దానితో సంబంధం లేదు, ల్యామినేషన్ రంగు మైనం రుద్దితే కనిపించదు. అరల సంగతి వేరు. పిన్నుల మీద ఉన్న అరలు నడుమ కిందికి జారినట్టు వంగి ఉన్నాయి. 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు అర ఇంత పొడవులో పుస్తకాల బరువుకు వంగక మానదు. తిరగేసి పెడితే కొన్నాళ్లకు రెండోవైపు వంగుతుంది. ముందు అంచు కింద 40 మిల్లీమీటర్ల టేకు పట్టీ బిగించమని సూచించాను. లెక్చరర్ గారు పరీక్షగా ముందు ఒక అరకే వేయించుకుని, మిగతావి సంక్రాంతి తర్వాత చూద్దామన్నారు.